ఉద్యోగం చేస్తూ పీజీ

నలభై దాటాక పరీక్షలేమిటని నవ్వే బంధువులు ప్రతి ఇంటికీ ఉంటారు. వారిని పట్టించుకోనక్కర్లేదు. అసలు చిక్కు సెలవు మంజూరు చేసే అధికారితోనే. ఉద్యోగం మానకుండా దూరవిద్యలో చదవడం మనకు కొత్తేమీ కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది; నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అయినా ఇంటర్వ్యూల్లో ‘డిస్టెన్సా?’ అన్న పెదవి విరుపు పోలేదు. పగలంతా కౌంటర్లో కూర్చుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి పుస్తకం తెరిచే మనిషి పట్టుదలకు మార్కులుండవు కాబోలు! ఆడవాళ్లకైతే ఆ పదింటి తీరిక కూడా అనుమానమే. ఇక పరీక్షల తేదీలను చివరి నిమిషంలో మార్చే విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థి సెలవు పెట్టుకుని వస్తాడన్న సంగతే మరుస్తున్నాయి. టైంటేబుల్ ముందే ప్రకటించి, దానికి కట్టుబడాలి. యాజమాన్యాలు కనీసం పరీక్ష రోజుల్లోనైనా జీతం కోయకుండా సెలవివ్వాలి. కొత్తగా చేరేవారికి ఒక మాట: ఏజెంటు మాట నమ్మి ఫీజు కట్టకండి. మీరు చేరే ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.