మృతుల లెక్కతోనే ఆగొద్దు

సంపాదకులకు,

పరిశ్రమల ప్రమాదాలపై మీ వ్యాసం మృతుల సంఖ్య, పరిహారం దగ్గరే ఆగిపోయింది. బతికినవారి మనసును కొలవలేమన్న మాట సరికాదు. 1979లోనే మనోవైద్యుడు హొరోవిట్జ్ బృందం అందుకు 15 అంశాల ప్రశ్నావళి తయారుచేసింది.

2018 జూలై 12న మా తాడిపత్రి గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. దానికి రంగూ వాసనా ఉండవు. పక్కవాడు కుప్పకూలేదాకా తెలియదు. అలాంటిచోట మళ్లీ షిఫ్టుకెక్కేవాడి నిద్రలేమి, బెదురు ఎవరి రికార్డులో ఉంటాయి? వానల్లేక పొలం వదిలొచ్చిన కాంట్రాక్టు కూలీ, పని పోతుందని నోరు విప్పడు. అందుకే పేరు రాయించకుండా, తెలుగులో, బయటి వైద్యులే ఆ ప్రశ్నలు అడగాలి. ప్రమాదం జరిగిన నెలకు ఒకసారి, ఏడాదికి మరోసారి అడగాలి. పర్మినెంటు ఉద్యోగులనే అడిగి ముగించే సర్వే మాకొద్దు.

– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా