నాళాలు సాఫ్... మరి దిల్ కండరం?

మన ఇళ్లల్లో దిల్ బీమారి అంటే ఒకటే లెక్క: బ్లాకు ఉందా, లేదా? యాంజియోగ్రామ్‌లో నాళాలు సాఫ్‌గా ఉన్నాయని తేలితే అల్‌హందులిల్లా అనుకుని ఫైలు అల్మారాలో పెట్టేస్తాం. ఆయాసం మాత్రం తగ్గదు. కమ్జోరీ అంటారు, నజర్ తగిలిందంటారు, తావీజు కడతారు. షుక్ర్ చెప్పుకోవడం మంచిదే. కానీ నాళాలు వేరు, గుండె కండరం వేరు.

ఆ కండరం లోపలి హాల్ చూపించేది కార్డియాక్ ఎం.ఆర్.ఐ. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో, గోడ ఎంత మందంగా ఉందో ఎకోలోనే తెలుస్తుంది. ఎందుకలా అయిందో చాలాసార్లు తెలియదు. గెడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి, పది నిమిషాలు ఆగి ఎం.ఆర్.ఐ. తీస్తే మంచి కండరం నల్లగా, మచ్చపడిన చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ఎక్కడుందన్నదే అసలు గవాహీ. గుండెపోటు మచ్చ గోడ లోపలి అంచు నుంచి మొదలవుతుంది. వైరస్ వల్ల వాచిన గుండెలో ఎక్కువగా బయటి అంచునో, మధ్యలోనో ఉంటుంది. రేడియేషన్ లేదు. చెప్పినప్పుడల్లా శ్వాస బిగబట్టాలి, అంతే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

ఇది మన ఖాందాన్ల మాట ఎందుకంటారా? ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని 2009లో మన హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, ఆయన తోటివాళ్లు బయటపెట్టారు. జవానీలో ఏమీ తెలియదు. నడివయసు దాటాక గుండె బలహీనపడే ముప్పు పెరుగుతుంది. అమ్మీ నుంచీ అబ్బా నుంచీ రెండూ వస్తే మరీ తీవ్రం. ఖాలా, మామూ, ఫుప్పూ పిల్లలకే రిష్తాలు కలుపుకునే ఇళ్లు ఈ మాట వినాలి. రిష్తా చెడుతుందని బీమారి దాచడం నా దృష్టిలో జుల్మ్. ఒకరికి వంశపారంపర్యంగా వచ్చే కండరం జబ్బని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. ఎం.ఆర్.ఐ.తో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

అందరూ ఎం.ఆర్.ఐ.కి పరుగెత్తమనడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుమీద స్కానింగ్ బోర్డులకు కొదవ లేదు గానీ మోకాలు తీసే మిషన్లన్నీ గుండెను తీయలేవు. కదిలే గుండెను ఈసీజీతో జతచేసి పట్టే సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ బొమ్మలు చదవడం వచ్చిన డాక్టర్ కావాలి. డబ్బు కట్టేముందే అడగండి: ఇక్కడ గుండె ఎం.ఆర్.ఐ. చదివేది ఎవరు?

గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో పునాదిరాయి వేశారు. హమాలీలు మామిడి గంపలు మోసిన జాగా అది. అక్కడ ఈ పరీక్ష గరీబులకు ముఫ్త్‌గా దొరకాలని మన మహల్లా కమిటీలు ఇప్పుడే దరఖాస్తు పెట్టాలి. మిషన్ కొన్నాక చదివేవాళ్లు లేరంటే అప్పుడెవర్ని అడుగుతాం?