వీడియో గేములకును విమర్శ కావలెను

పద్యకావ్యము వెలువడినంతనే దాని గుణదోషములను తూచుటకు కూర్చుండు జాతి మనది. నాటకము ముగిసిన రాత్రియే నటుని వాచికమును గూర్చి రచ్చబండమీద తర్కించుకొన్నవారము, సినిమా విడుదలయైన పూటనే దర్శకునకు మార్కులు వేయుచున్నవారము. అట్టి మనము, ఇంటింట పిల్లలును పెద్దలును దినదినము చేతబట్టుకొని కూర్చుండు వీడియో గేములను మాత్రము నేరవార్తల పుటకును నిషేధవార్తల పుటకును విడిచిపెట్టి, వానిని గూర్చి ఒక్క విమర్శవాక్యమైనను వ్రాయుట అనవసరమని తలచినట్లున్నాము. గేముల వ్యసనముచే చదువు చెడిన బాలుని కథ ఒక దినము, గేముల వ్యాపారము ఎన్ని కోట్లకు పెరిగినదో చెప్పు ప్రకటన మరునాడు అచ్చగును. ఈ గేము ఏ గుణముచేత మంచిది, ఆ గేము ఏ దోషముచేత చెడ్డది అని అడుగువాడు కానరాడు. అన్నిటిని ఒక్కగాట గట్టి తిట్టుటకు విమర్శకుడు అక్కరలేదు; పదింటికి ఎనిమిది మార్కులు వేసి ఊరకుండుటకును అక్కరలేదు. ఆట మనచేత ఏమి చేయించుచున్నది, దేనిని లెక్కలో వేయుచున్నది, దేనిని లెక్కనుండి తప్పించుచున్నది అని చూచుటకే విమర్శకుడు కావలెను.

ఈ పని ఎక్కడ మొదలిడవలెనని అడిగినచో, కోలారు బంగారుగనులలో అని నా సమాధానము. ఏలయన, వీడియో గేముల లోకములో తరచుగా కనబడు పనులలో త్రవ్వుట యొకటి. గని, పికాసు, బంగారుముద్ద, వజ్రము చిన్నతెరమీదను పెద్దతెరమీదను ఎన్నెన్నో వేషములలో ప్రత్యక్షమగుచుండును. నిజమైన త్రవ్వుట ఎట్లుండునో ఆ గనుల ఊరికి తెలిసినంతగా దక్షిణదేశమున మరియొక ఊరికి తెలియదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ కాలుమోపినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసివేయువరకు, నూట ఇరువది సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము ఈ నేలనుండి వెలికివచ్చినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. ఈ గనులకొరకే 1902లో శివసముద్రమునుండి కరెంటు వచ్చినది. ఉత్తర ఆర్కాటు తమిళులును, చిత్తూరు సీమనుండియు చుట్టుపట్ల పల్లెలనుండియు వచ్చిన తెలుగువారును ఒక్క పంజరపు లిఫ్టులో నిలుచుండి షాఫ్టులోనికి దిగిరి. ముల్బాగల్, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములలో తెలుగు నేటికిని ఎన్నో కుటుంబములకు ఇంటిభాష. తాత గనిలో దిగగా మనుమడు ఫోనులో గనిని ఆడుచున్న ఇట్టి సీమలోని పాఠకునికన్న, గనిని చూపు గేమును పరీక్షించుటకు అర్హుడెవడు?

మొదట పాత గేములను చూతము. 1983లో మాథ్యూ స్మిత్ అను ఆంగ్లయువకుడు స్పెక్ట్రమ్ కంప్యూటరుకొరకు రచించిన 'మానిక్ మైనర్'లో ఇరువది గుహలు కలవు. ప్రతి గుహలోను తెర అడుగుభాగమున ఒక గీత యుండును. అది గాలి. ఆటగాడు తాళపుచెవులను ఏరుకొని ద్వారమును చేరులోపల ఆ గీత తరిగి శూన్యమైనచో ప్రాణము పోవును. సకాలమున చేరినచో మిగిలిన గాలి మార్కులుగా మారును. బొమ్మలు పసివాని గీతలవలె నున్నను, గనిలో అన్నిటికన్న ముందు లెక్కింపవలసినది గాలియే యను సత్యమును ఆ చిన్న గేము ఒక్క గీతలో పెట్టగలిగినది. లోతునకు దిగినకొలది శిల తనంత తానే కాగియుండుటచేత పైనుండి చల్లనిగాలిని పంపవలసివచ్చిన చాంపియన్ రీఫ్‌లో పనిచేసినవారికి ఆ గీత అర్థము చెప్పనక్కరలేదు. ఐతే కోలారు గనిలోని మనుష్యుని ఊపిరి మార్కులుగా మారలేదు. రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్‌గా మారి, పని ముగిసిన తరువాతను లెక్క వసూలుచేసినది.

మరుసటి సంవత్సరమే వచ్చిన 'బౌల్డర్ డాష్'లో పీటర్ లీపా, క్రిస్ గ్రే అనువారు రెండవ సత్యమును పట్టుకొనిరి. అందు మన్ను త్రవ్వినచో పైనున్న బండ నిలువక పడును. ఆటగాడు తాను త్రవ్విన ప్రతి అడుగునకును తానే బాధ్యుడు. కోలారు గనులలో బండ పడుటకన్న ఘోరమైనది కలదు: లోతున ఒత్తిడికి లోనైన శిల, హెచ్చరిక లేకయే పగిలి విరజిమ్ము రాక్‌బర్స్ట్. శిలల నడవడిని పరిశోధించు జాతీయసంస్థను 1988లో ఈ ఊరిలోనే స్థాపించుటనుబట్టి ఆ భయము ఎంత నిజమైనదో ఊహింపవచ్చును. నాటి చిన్న కంప్యూటరులలోని ఈ రెండు గేములును ఆటగాని చేతకును ఫలితమునకును నడుమ అబద్ధమును చొరనీయలేదు. అందుచేతనే అవి నేటికిని మంచి గేములు.

2011లో పూర్ణరూపమున వెలువడి, 30 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయిన 'మైన్‌క్రాఫ్ట్' గనిని పేరులోనే పెట్టుకొన్నది. దాని ఘనతను ఒప్పుకొని తీరవలెను: ఆజ్ఞాపించువాడు లేని లోకమున బాలుడు తన ఊహకు తోచిన కోటను కట్టుకొనుట సామాన్యమైన విద్య కాదు. అందు బంగారమును గూర్చిన నియమమొకటి పరమ రమణీయము. బంగారు పికాసు మిక్కిలి వేగముగా త్రవ్వును గాని ముప్పదిరెండు పర్యాయములలో విరిగిపోవును; పైగా దానితో బంగారపు ఖనిజమును కొల్లగొట్టుట అసాధ్యము, అందులకు ఇనుప పికాసైనను కావలెను. లోహముల స్వభావమును ఉపన్యాసము లేకయే చెప్పిన తీరు ఇది. కాని ఆ గేములోనే కొండ పాదమును నరికివేసినను కొండ ఆకాశమున నిలిచియుండును. ఇసుక, కంకర వంటివి కొన్నియే పడును. అంతకన్న పెద్ద లోపము, త్రవ్వినదానికి మిగులు లేకపోవుట. టన్ను రాతిని పిండిచేసినచో కొన్ని గ్రాముల బంగారము దక్కిన కోలారులో, తక్కిన పిండియంతయు సైనైడుతో కడుగబడి పదుమూడు దిబ్బలుగా, మూడు కోట్ల టన్నులకు పైగా ఊరిచుట్టు కూర్చున్నది. గాలికాలమున అది ఇండ్లలోనికి వచ్చి పడును. దిబ్బ లేని గని ఉండునని బాలునకు నేర్పుట అల్పదోషమని నేను తలపను.

ఇక రాజ్యములను ఏలు గేముల సంగతి. 1999లో వచ్చి, నెట్ సెంటరులలో ఒక తరమును రాత్రింబవళ్లు కూర్చుండబెట్టిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగములో ఒక్కొక్క బంగారుగుట్టలో 800 పాళ్ల బంగారముండును. ఇక్కడి గనులు ఇచ్చిన టన్నుల సంఖ్యయు అదియే యగుట కేవలము కాకతాళీయము. గుట్ట నిండుకొనగానే అది మాయమగును. త్రవ్వుచున్న ఊరివాడు చేయుటకు పనిలేక ఉన్నచోటనే నిలిచిపోవును. పనిలేనివారిని చూపుటకు ఒక మీట కలదు. దానిని నొక్కి వానిని కట్టెలు కొట్టుటకో చేను దున్నుటకో పంపిన సరిపోవును. 2001లో కోలారు గనులు మూతపడినప్పుడు వేలాది కుటుంబములు అట్లే నిలిచిపోయినవి. అట్టి మీటను నొక్కువాడు మాత్రము రాలేదు. తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి బెంగళూరికి కూలికిని ఉద్యోగమునకును పోయి, రాత్రికి మరలి వచ్చు బ్రతుకును వారు తామే వెదకికొనిరి. ఇందులకు గేమును నిందింపరాదు. రాజు కంటికి శ్రామికుడు సంఖ్యగా కనబడుననుట నిజమే, గేము రాజు కన్నును మనకు అతికించినది. ఆ కన్ను ఎవరిదో ఆటగానికి గుర్తుచేయుట విమర్శకుని విధి.

శ్రామికుని కన్నుతో చూచు గేములు అరుదుగానైనను లేకపోలేదు. డెన్మార్క్‌వారు 2020లో సంపూర్ణముగా విడుదలచేసిన 'డీప్ రాక్ గెలాక్టిక్'లో నలుగురు మరుగుజ్జులు కంపెనీ ఆజ్ఞపై అపాయకరమైన గ్రహమున గనిలో దిగుదురు. కంపెనీ వారికి కూలి ఇచ్చునే గాని వారికొరకు ఆగదు, నియమితకాలమునకు వాహనము కదలిపోవును. పడిపోయిన తోడివానిని లేవదీసి తెచ్చుటయే ఆ గేము ప్రాణము. అందొక మీట కలదు. దానిని నొక్కినచో మన మరుగుజ్జు పికాసు ఎత్తి జేకొట్టును, తోడివారు బదులు పలుకుదురు. దానివలన ఒక్క మార్కైనను రాదు. లాభములేని పనికి మీటనొకదానిని కేటాయించిన రచయితలకు, షిఫ్టు దిగు మనుష్యుల నడుమ ఏముండునో తెలిసినదని చెప్పవలెను. అందులోని పురుగుల యుద్ధములు ఎడతెగక విసుగుపుట్టించును. ఐనను ఆ తోడుతనమును నేను మెచ్చుకొందును.

ఇంతవరకు చెప్పినవి కంప్యూటరు గేములు. మన జనులలో అత్యధికులు ఆడునవి ఫోను గేములు; నా ఫిర్యాదులో పెద్దభాగము వానిమీదనే. 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో బంగారుగని కలదు. అందు దిగువాడెవ్వడును కనబడడు, మనము నిద్రించుచుండగా అది తనంత తానే బంగారమును ఊరించును. దానిని పెంపుచేయుటకు గంటలు, పిమ్మట దినములు వేచియుండవలెను. రూపాయలిచ్చి రత్నములు కొన్నచో ఆ నిరీక్షణ తప్పును. 'కాండీ క్రష్'లో ఐదు ప్రాణములు. పోయిన ఒక్కొక్క ప్రాణము మరల వచ్చుటకు అరగంట. తొందరపడువారికి బంగారుకడ్డీలు అమ్మకమునకు సిద్ధము. 'ఫ్రీ ఫైర్'లో వజ్రములు. వానిని కొని అదృష్టచక్రమును త్రిప్పినచో కోరిన దుస్తు రావచ్చును, రాకపోవచ్చును. రత్నము, కడ్డీ, వజ్రము అను ఈ ఖనిజములు ఏ నేలనుండియు రాలేదు. త్రవ్వబడుచున్నది ఆటగాని ఓర్పు, ఆపై అతని జేబు. మారికుప్పము రైలులో నిలుచుండుటకు చోటులేక వ్రేలాడుచు ప్రయాణించు యువకుడు, ఒంటిచేత ఫోను పట్టుకొని వజ్రములు లెక్కించుకొనుచున్నాడనగా, గని ఎక్కడికిని పోలేదు, త్రవ్వువాడు త్రవ్వబడువాడైనాడు అనవలసియున్నది.

ఇందులో మరియొక సంగతి కలదు. 1930లో గనులలో పనివారి వ్రేలిముద్రలను గైకొని నమోదుచేయ తలపెట్టగా, అది తమ మర్యాదకు భంగమని వేలకొలది శ్రామికులు పనిమాని సమ్మెకు దిగిరి. నేటి ఫోను గేము మనము ఏ గడియకు తెర తెరచెదమో, ఎన్నవ ఓటమికి విసుగుచెందెదమో, ఎప్పుడు కొనుగోలుకు లొంగెదమో అంతయు వ్రాసికొనుచుండగా, చదువని షరతులకు ఒప్పుకొంటిమని వ్రేలితో మనమే నొక్కుచున్నాము. తాతల పట్టుదలలో పదవపాలైనను మనకు లేకపోవుట సిగ్గుపడదగినది.

గేము వినోదమునకే గాని గనుల చరిత్ర నేర్పుటకు కాదు గదా యని కొందరు ఆక్షేపింతురు. ఒప్పుకొందును. నేను యథార్థతను కోరుటలేదు. మరుగుజ్జులు గ్రహాంతరమున త్రవ్వుటలో యథార్థమేమున్నది? నేను కోరునది ఆటలోని న్యాయము. పులిమేక ఆటలో మేకలు ఓడినచో ఎత్తు తప్పినందుననే ఓడును. ఆట నడుమ అంగడివాడు వచ్చి పావలాకు ఒక మేకను అమ్మజూపడు. ఓడించి, ఆ ఓటమికి మందును తానే అమ్ము గేములో నైపుణ్యమునకు విలువ లేదు. అది కళాదోషము, నీతిదోషము దాని వెనుకనే వచ్చును.

చట్టము చూచుకొనునని ఊరకుండుటకును వీలులేదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను, కర్ణాటక 2021లోను డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. కర్ణాటక చట్టసవరణలోని ముఖ్యనిబంధనలను హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసినది. అదే నెలలో కేంద్రము 'ఫ్రీ ఫైర్'ను నిషేధించుట దేశభద్రతను పురస్కరించుకొనియే గాని, ఆ ఆట గుణదోషములను పరిశీలించి కాదు. 2025లో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు గెలుచుకొను ఆశతో డబ్బు పెట్టు ఆటలను దేశమంతట నిషేధించినది. గెలుచుకొనుటకు రూపాయి లేక, పోగొట్టుకొనుటకు మాత్రమే వీలున్న అదృష్టచక్రము దాని నిర్వచనమునకు అందుట కష్టము. ప్రపంచ ఆరోగ్యసంస్థ గేముల వ్యసనమును రోగముల పట్టికలో చేర్చినది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014నుండి అట్టివారికి ప్రత్యేక చికిత్సాలయము కలదు. చట్టము పందెమును చూచును, వైద్యుడు రోగిని చూచును. గేమును గేముగా చూచువాడు ఇంకను రావలసియున్నాడు.

కావున తెలుగు పత్రికలు వారమునకొక చిన్న శీర్షికను గేముల విమర్శకు కేటాయింపవలెను. వ్రాయువాడు మొదట ఆటను కడవరకు ఆడియుండవలెను. కంపెనీ ప్రకటనను తెలుగుచేసి సంతకము పెట్టరాదు. నైపుణ్యము పెరిగినకొలది ఆట సుగమమగుచున్నదా, లేక డబ్బు చెల్లించినకొలదియా అని చెప్పవలెను. ఆడువానిని రాజు చోట నిలిపినదో, కూలివాని చోట నిలిపినదో, కొనుగోలుదారు చోట నిలిపినదో తేటపరచవలెను. బిడ్డ అడిగిన గేమును కొనిపెట్టవలెనో వలదో తెలియక తికమకపడు తండ్రికి ఇట్టి నాలుగు వాక్యములు, నిషేధవార్తలు నలుబదింటికన్న ఎక్కువ పనికివచ్చును. మొదటి వ్యాసమును కోలారు జిల్లా యువకుని చేతనో యువతి చేతనో వ్రాయించుడు. గనిని ఎరిగిన ఇంటిలో పుట్టి గేములో గనిని ఆడుచున్నవారు వారే. రెంటిని పోల్చి తీర్పుచెప్పు హక్కు వారికున్నంతగా, ఆ గేములను చేసిన దేశములలోనైనను ఎక్కువమందికి లేదు.