ఉష్ర్: కల్లంలో మరచిన పదో వంతు

ముహర్రం నెల పదవ దినాన్ని ఆషూరా అంటారని మన తెలంగాణ పల్లెల్లో ముస్లిమేతరులకు సైతం తెలుసు. ఆ మాటకు మూలం అరబీ భాషలో పదిని సూచించే ‘అషర’. అదే ధాతువు నుండి పుట్టిన మరొక మాట ‘ఉష్ర్’. పదో వంతు అని దాని అర్థం. పంటపై చెల్లించవలసిన జకాత్‌కు షరీఅత్ పెట్టిన పేరు అది. ఇద్దరూ ఒకే ఇంటి బిడ్డలు. అయినా ఆషూరాను ఎరిగినంతగా ఉష్ర్‌ను ఎరిగినవారు మనలో లేరు. ఆలేరు చుట్టుపక్కల గ్రామాలలో భూమి ఉన్న ముస్లిం కుటుంబాలతో మేము ఈ మాట ఎత్తినప్పుడల్లా ఒకే అనుభవం ఎదురవుతున్నది. బంగారంపై, నగదుపై నలభైలో ఒక వంతు అని ఠక్కున చెప్పగలరు. వడ్లపై ఎంత అని అడిగితే మాత్రం మౌనం.

పదో వంతును దైవం పేరిట తీసి పెట్టడం మానవజాతికి చాలా పాత అలవాటు. బాబిలోనియా దేవాలయాలకు చెల్లించిన పదో వంతును అక్కడి ప్రాచీన భాషలో ‘ఎష్రూ’ అనేవారు. హీబ్రూలో అది ‘మఅసేర్’. అరబీ ఉష్ర్‌కు ఈ రెండూ దగ్గరి చుట్టాలే. ఆంగ్లేయులు ‘టైద్’ అనే మాటకు కూడా వారి పాత భాషలో పదవది అన్నదే అర్థం. సిక్కు సోదరులు ‘దస్వంద్’ అంటారు. మన పొరుగున ఉన్న క్రైస్తవ సోదరులు తమ చర్చికి ఇచ్చేదాన్ని తెలుగులో ‘దశమ భాగం’ అంటారు. బైబిల్ పాత నిబంధనలో ఇబ్రాహీం, యాఖూబ్ ప్రవక్తల (అలైహిముస్సలాం) కథలలో పదో వంతు ప్రస్తావన ఉంది. మూడేళ్ళకొకసారి తీసే పదో వంతును లేవీయులకే కాక పరదేశికి, అనాథకు, వితంతువుకు కూడా పంచాలని ద్వితీయోపదేశకాండం విధించింది. ఈ చివరి ముగ్గురి పేర్లను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

తెలుగు నేలకు ఈ లెక్క కొత్తది కాదు. మన పాత శాసనాలలో ‘దశబంధం’ అనే మాట కనిపిస్తుంది. చెరువు తవ్వించినవారికి, గండిపడితే పూడ్పించినవారికి ఆ చెరువు కింది భూమిలోనో ఆదాయంలోనో ఒక భాగాన్ని మాన్యంగా ఇచ్చే ఏర్పాటు అది. దశ అంటే పదే. కాలక్రమంలో ఆ భాగం ఒక్కోచోట ఒక్కో తీరుగా మారింది, కాని పేరు మాత్రం నిలిచింది. పదో వంతు చెరువు కట్టపై ఖర్చయితే మిగతా తొమ్మిది వంతులు పండుతాయని ఆనాటివారికి తెలుసు. వానమీద, చెరువుమీద బ్రతికిన ఈ మెట్ట ప్రాంతానికి ఇంతకంటె తెలిసిన లెక్క ఏముంటుంది?

అయితే పదో వంతు చరిత్రంతా పుణ్యచరిత్ర కాదు. ఐరోపాలో 779వ సంవత్సరంలో షార్లమేన్ చక్రవర్తి దానిని తప్పనిసరి చేశాడు. రాజశాసనం తోడైన తర్వాత అది పేదవాని గింజను లాగేసే పన్నుగా మారింది. ఫ్రాన్సు రైతులు 1789 విప్లవంలో దానిని రద్దు చేయించుకున్నారు. ఐర్లండులో మరీ ఘోరం. కేథలిక్ రైతులు తమది కాని ప్రొటెస్టెంటు చర్చికి పదో వంతు కట్టవలసి వచ్చింది. కట్టనివారి పశువులను జప్తు చేశారు. 1830 దశకంలో అక్కడ నెత్తురు కూడా చిందింది. ఒక మతం ఖర్చును మరొక మతంవారి నుండి వసూలు చేయడం ఎంతటి అన్యాయమో అల్పసంఖ్యాకులమైన మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఏ ప్రత్యేక మతాభివృద్ధి కోసమూ ఎవరినీ పన్ను కట్టమని నిర్బంధించరాదని మన రాజ్యాంగంలోని 27వ అధికరణం చెబుతున్నది. కనుక ఈ దేశంలో ఉష్ర్‌ను అడిగే తహసీల్దారు ఎవరూ రారు. అడిగేవారు లేని బాకీ కాబట్టే అది మరుగున పడింది.

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 141వ ఆయత్ పంట హక్కును కోత దినాననే చెల్లించమని ఆదేశిస్తున్నది. పేదవానికి అందేది యజమాని దయ కాదు, పంటలోనే ఉన్న హక్కు. ఎంత చెల్లించాలో దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. వానతో, ఊటతో పండినదానిపై పదో వంతు. శ్రమపడి నీరు తోడి పండించినదానిపై అందులో సగం, అంటే ఇరవయ్యో వంతు. రెండూ కలిసి, చెరి సగంగా పండిస్తే పదో వంతులో ముప్పాతిక అని ధర్మవేత్తలు చెప్పారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో పంట కొంచెమైనా ఎక్కువైనా ఉష్ర్ ఉంది. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్, ఇంకా ఇతర ఇమాములు అయిదు వసఖ్‌ల పరిమితిని పాటించారు. అది నేటి తూకంలో దాదాపు ఆరున్నర క్వింటాళ్ళు. ఉదాహరణకు బోరు కింద అరవై క్వింటాళ్ళ వడ్లు పండించిన రైతు మూడు క్వింటాళ్ళు తీయాలి. వాన మీదనే పది క్వింటాళ్ళ కందులు పండించినవాడు ఒక క్వింటాలు తీయాలి.

మేము ప్రభుత్వ కార్యాలయంలో పహాణీలు, జమాబందీ లెక్కలు రాస్తూ గడిపినవాళ్ళం. తెలంగాణ రెవిన్యూ దస్తరంలో సగం మాటలు అరబీ, పారశీ నుండి వచ్చినవే. ఖరీఫ్, రబీ, ఫసలీ. కౌలు అన్న మాట కూడా అరబీ ‘ఖౌల్’, అంటే మాట, వాగ్దానం. ఖారిజ్ ఖాతా అని మేము రాసిన పదానికి, ఖరాజ్ అనే భూమిపన్నుకు ధాతువు ఒక్కటే. ఇన్ని మాటలు దస్తరంలో నిలిచాయి గాని వాటి మధ్య ఉష్ర్ మాత్రం మా కంట పడలేదు.

ఖరాజ్ పేరు వచ్చింది గనుక ఒక సందేహాన్ని ఇక్కడే ప్రస్తావించాలి. ఖరాజ్ ఉన్న భూమిపై ఉష్ర్ ఉండదని హనఫీ గ్రంథాలలో ఉంది. మిగతా మూడు మజ్‌హబ్‌లు రెండూ చెల్లించాలంటాయి. దీనిని ఆధారం చేసుకొని శిస్తు కట్టిన భూమిపై మాకు ఉష్ర్ లేదని కొందరంటారు. ఖరాజ్ అన్నది ఇస్లామీయ పాలనలో విధించిన పన్ను. నేటి ప్రభుత్వ శిస్తును దానితో సమానం చేసి పేదవాని హక్కును ఎగవేయడం మాకు సబబుగా తోచదు. తుది మాట ఆలిములది. అయితే వారిని అడిగి తెలుసుకోకుండానే లేదనుకోవడం మాత్రం ఎవరికీ చెల్లదు.

అసలు ఈ మరపు ఎలా వచ్చింది? పూర్వం పంట కల్లానికి వచ్చేది. చాకలికి, మంగలికి, వడ్రంగికి మేర కొలిచేవారు. ఫకీరు జోలె పట్టుకొని నిలబడేవాడు. కుప్ప కళ్ళెదుట ఉండేది కనుక పంచుకోవడం కూడా కళ్ళెదుటనే జరిగేది. ఇప్పుడు హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టరులో నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. తేమ చూస్తారు, తాలు పేరిట తరుగు తీస్తారు, లారీకెత్తుతారు. కొన్నాళ్ళకు బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. గింజ ఇంటి గడప తొక్కదు. పంట డబ్బుగా మారగానే రైతు దానిని బంగారం, నగదు లెక్కలో వేసుకొని రంజాన్ దాకా ఆగుదామనుకుంటాడు. ఆ లోపల ఎరువుల దుకాణం బాకీ, పిల్లల ఫీజు, అప్పు, వడ్డీ. రంజాన్ నాటికి మిగిలేది శూన్యం, శూన్యంపై జకాత్ శూన్యం. ఉష్ర్‌కు ఏడాది నిండవలసిన పని లేదు, రంజాన్‌తో సంబంధం లేదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. వానాకాలం, యాసంగి కోతలు మాత్రం వాటి వేళకు వస్తాయి. రెండు పంటలు తీస్తే రెండుసార్లు ఉష్ర్.

బోరు సంగతి మా ప్రాంతంలో తరచు వచ్చే ప్రశ్న. 2018 జనవరి నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది కదా, నీరు ఉచితమే కాబట్టి పూర్తి పదో వంతు కట్టాలా అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్నే. బోరు తవ్వించి నీళ్ళు పడక నష్టపోయినవారిని, కాలిన మోటారును యాసంగి నడుమ బాగు చేయించుకున్నవారిని చూసినవారెవరూ ఆ నీటిని ఉచితమనలేరు. ఇరవయ్యో వంతే న్యాయమని మా అభిప్రాయం. ఇక పెట్టుబడి సంగతి. హనఫీ పద్ధతిలో ఖర్చులు తీసివేయకుండా మొత్తం పంటపైనే లెక్క కడతారు. విత్తనం, ఎరువు అప్పులను ముందు తీసివేయవచ్చునన్న ధర్మవేత్తలూ ఉన్నారు. యూసుఫ్ అల్ ఖరదావీ జకాత్‌పై రాసిన గ్రంథంలో ఆ వైపే మొగ్గారు. అప్పులో మునిగిన చిన్న రైతు తనకు నమ్మకమైన ఆలిమును అడిగి నడుచుకోవాలి. ఏటా ట్రాక్టర్లకొద్దీ వడ్లు అమ్మేవారు ఈ సందు వెదకడం మాత్రం తగదు.

కౌలు భూమిపై ఎవరు చెల్లించాలి? అబూ హనీఫా భూమి యజమాని అన్నారు, ఆయన శిష్యులిద్దరూ పండించినవాడు అన్నారు. పాలుకు ఇచ్చినచోట ఎవరి పాలుపై వారు చెల్లించుకోవాలని ఆ శిష్యుల మాట. పట్నంలో స్థిరపడి ఊరి పొలాన్ని పాలుకు ఇచ్చిన మన సోదరులు, తమ పాలు వడ్ల డబ్బు ఫోనులోకి వచ్చిన రోజే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

ఉద్యమంలో ఉన్న మిత్రులు మమ్మల్ని మరొక ప్రశ్న అడుగుతారు. 2006లో సచార్ కమిటీ మన వెనుకబాటును లెక్కలతో సహా చూపింది, ప్రభుత్వం ఇవ్వవలసింది ఇవ్వకుండా ఉంటే మీరు వడ్ల బస్తాల మాట ఎత్తుతారేమిటి అని. వడ్ల బస్తా స్కాలర్‌షిప్పుకు బదులు కాదు, రిజర్వేషనుకు బదులు అసలే కాదు. ప్రభుత్వం దగ్గర మన వాటా పౌరుల హక్కు, దానిని అడుగుతూనే ఉండాలి. కాని మన గాదెలో ఉన్న పేదవాని వాటా కూడా హక్కే. ఒక హక్కును అడిగే నోటితో మరొక హక్కును మింగరాదు. పైగా ప్రభుత్వ దరఖాస్తుకు ధ్రువపత్రాలు కావాలి, నెలలు పడుతుంది. ఉష్ర్ కోతనాడే చేతికందుతుంది. భూమి లేని ముస్లింలే మా వైపు ఎక్కువ. మెకానిక్కులు, తోపుడుబండి వ్యాపారులు, కూలీలు, ఇద్దత్ ముగిసీ ఆదరువు దొరకని వితంతువులు. తౌబా సూరా 60వ ఆయత్ పేర్కొన్న ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు కూడా ఉన్నారు. వారిలో మన కౌలు రైతులే ఉండవచ్చు.

మసీదు కమిటీలకు మేము సూచించేది ఇంతే. వచ్చే కోతకు ముందు జుమా ప్రసంగాలలో రెండు వారాలు ఉష్ర్ గురించి చెప్పించండి. ఒక రిజిస్టరు తెరవండి. అందులో రైతు పేరు, పంట, వాన నీరా బోరు నీరా, పండిన తూకం, ఉష్ర్ తూకం, ధాన్యంగా ఇచ్చాడా వెల కట్టి ఇచ్చాడా అన్న గడులు ఉండాలి. హనఫీ మజ్‌హబ్‌లో వెల కట్టి ఇవ్వవచ్చు. పుచ్చుకున్నవారి పేర్లు వేరే పుస్తకంలో ఉండాలి, దానిని కమిటీలో ఇద్దరు మాత్రమే చూడాలి. తీసుకునే ఇల్లాలి పేరు ఊరంతా చదవవలసిన అవసరం లేదు. వసూలైన ధాన్యాన్ని మసీదు గదిలో నెలల తరబడి నిల్వ ఉంచితే ఎలుకల పాలవుతుంది. వారం లోపల పంచివేసి, ఇచ్చినవారికి రసీదు ముట్టజెప్పాలి.