దీపములు లేని స్విచ్చు

తిమిరరోగము సోకిన కంటికి ఆకాశమునందలి చంద్రుడు ఒక్కడే ఇద్దరుగా కనిపించునని మన శాస్త్రకారులు దృష్టాంతము చెప్పుదురు. లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమునకు ఇట్టి భ్రాంతి ఏ రోగమును లేకయే కలుగుచుండును. బ్యాంకులలోను ఆసుపత్రులలోను లెక్కలనెల్ల భద్రపరచు డిస్కులు తరచుగా సర్వరు పెట్టెలో నుండక, వేరొక స్టోరేజీ యంత్రమునందుండును. సర్వరునకు రెండు కార్డులు, నడుమ రెండు స్విచ్చులు, ఆవలి యంత్రమునకు రెండు కంట్రోలర్లు అమర్చి, ఒక్కొక్క స్విచ్చునుండి రెండు కంట్రోలర్లకును కేబుళ్లు వేయుటచేత, డిస్కు ఒక్కటియే యైనను దానిని చేరు దారులు నాలుగగును. దారికొక డిస్కు చొప్పున ఆపరేటింగ్ సిస్టము ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ యని నాలుగు పేర్లు పెట్టి కూర్చుండును. ఇవి వేర్వేరు డిస్కులని నమ్మి రెండు పేర్లతో వ్రాయ మొదలిడినచో, ఒకదాని వ్రాతను మరొకటి చెరిపి డేటా పాడగును.

ఈ భ్రాంతికి మందు డిస్కు యొద్దనే యున్నది. అడిగినవారికి అది, మరి యే డిస్కునకును లేని తన గుర్తింపు సంఖ్యను చెప్పును. మల్టీపాత్ అను సేవకుడు నాలుగు దారులను పోయి ఆ సంఖ్య నడిగి, నాలుగింటను ఒకే యుత్తరము వచ్చుట గని, వానినెల్ల ఎంపాత్‌ఏ యను నొక్క పేరు క్రిందకు తెచ్చును. అది మొదలు తొలుత 5 సెకండ్ల కొకమారు, దారిపై నమ్మిక కుదిరినకొలది ఎడము పెంచుచు 20 సెకండ్ల కొకమారు, 'సిద్ధముగ నున్నావా?' యని ప్రతి దారివెంటను ప్రశ్న పంపుచునే యుండును. ఒక దారి తెగినచో, ఆ దారిని పోయి చేరని పనులు మరొక దారికి మరలును. గుమాస్తాకు తెర కొన్ని క్షణములు నిలిచినట్లుండునే కాని, తెగిన సంగతి తెలియదు.

నా యభ్యంతరమంతయు ఆ 'తెలియదు' అను చోటనే యున్నది. యంత్రము తన పనిని ఇంత నిశ్శబ్దముగ నెరవేర్చుటచేతనే మనుష్యులు తమ పనిని మరచుచున్నారు. ఒకానొక కార్యాలయమున ఉద్యోగి యొకడు నాకు దారుల పట్టికను తెరపై చూపగా, రెండు వరుసల ప్రక్కన 'యాక్టివ్ రెడీ' యనియు, తక్కిన రెంటి ప్రక్కన 'ఫెయిల్డ్ ఫాల్టీ' యనియు నుండెను. ఎప్పటినుండి యని యడిగితిని. లాగు ఫైలు వెదకి, మూడు మాసములని చెప్పి, 'పని నడుచుచునే యున్నది గదండీ' యని యాతడు నవ్వెను. పోయి చూడగా ఒక స్విచ్చునకు దీపములే లేవు. దాని ప్లగ్గును ఎవ్వరో పెరికి ఆ సాకెట్టున ఫ్యాను పెట్టుకొనియుండిరి.

నాలుగు దారులును తెగిన వేళ ఏమి చేయవలయునన్నది మాత్రము యంత్రము మనకే విడిచినది. దారి వచ్చువరకు పనులను వరుసలో నిలిపి ఎంతకాలమైనను వేచియుండుమనవచ్చును. లేదా, ఇన్నిమారులు చూచి లేదని చెప్పుమనవచ్చును. అంతులేని నిరీక్షణ ఓర్పువలె కనిపించును గాని, ఆ వేళ ప్రోగ్రాములు కదలక, చంపినను చావక నిలిచిపోవును. తోడుగ నుంచిన రెండవ సర్వరు బాధ్యత నందుకొనవలెనన్నను, మొదటిది తాను ఓడితినని చెప్పవలయును గదా! కౌంటరు ముందు నిలిచిన జనమునకును ఆ స్పష్టమైన మాటయే మేలు.

కావున, కొనునపుడు దారులెన్నియని యడుగు అధికారులు, ఏట రెండు పర్యాయములైనను, పని తక్కువగు రాత్రివేళ, అందరికిని ముందుగ తెలిపి, ఒక స్విచ్చును చేతులార ఆర్పించి చూడవలెననియు, దారి తెగిన వార్త లాగు ఫైలులో నణగియుండక బాధ్యుని ఫోనునకు చేరవలెననియు నా మనవి. ఆ ఫ్యానుకు వేరొక సాకెట్టు దొరకకపోదు.