ధర కట్టిన సౌకర్యమే జీతం

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పరిధిలో 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీలున్నాయి. అక్కడ పనిచేయడానికి విదేశీ ఇంజినీరుకు ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. దానికి కనీస వార్షిక జీతం రూ.16.25 లక్షలు. మనవాళ్లు చేయగల పనికి చవగ్గా బయటివారిని తేకుండా ఈ పరిమితి అడ్డుపడుతుంది. కంపెనీ ఇచ్చిన ఇంటిని కూడా ఈ జీతంలో చూపవచ్చా?

చూపవచ్చు, రెండు షరతులతో. ఆదాయపు పన్ను కోసం జీతంలో కలిపే సౌకర్యాలనే వీసాకూ లెక్కించాలి. వాటి విలువను ఉద్యోగ ఒప్పందంలో రూపాయల్లో రాయాలి. పన్ను పడని కంపెనీ బస్సు ప్రయాణం ఈ లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ. నగదు జీతం 15 లక్షలు, కంపెనీ నెలకు 20 వేల అద్దెకు తీసుకుని ఇచ్చిన ఇల్లు ఉన్నాయనుకుందాం. ఏటా అద్దె 2.4 లక్షలైనా, పన్ను లెక్కలో ఆ ఇంటి విలువ జీతంలో పది శాతం, అంటే 1.5 లక్షలే. మొత్తం 16.5 లక్షలు, అర్హత ఉంది. అదే ఇల్లు కంపెనీ సొంతమైతే, చిన్న ఊళ్లలో విలువ అయిదు శాతమే. మొత్తం 15.75 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ఈ తేడా సరిదిద్దదగినదే. అయినా ఒకే అంకెను పన్ను అధికారికీ వీసా అధికారికీ చూపాల్సి రావడం ఈ నిబంధనకున్న గొప్ప బలం. వీసా కోసం పెంచితే పన్ను పెరుగుతుంది, పన్ను కోసం తగ్గిస్తే వీసా చిక్కుల్లో పడుతుంది.

మనవాళ్లు వెళ్లే దేశాల్లో పద్ధతులు వేరు. భార్యాబిడ్డలను తీసుకెళ్లాలంటే యూఏఈలో నెలకు 4,000 దిర్హాముల జీతం కావాలి. కంపెనీ వసతి ఇస్తే 3,000 చాలు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకు కంపెనీ ఇచ్చిన ఇల్లు లెక్కలోకే రాదు, హామీ ఉన్న మూల వేతనాన్నే చూస్తారు. అందుకే విదేశానికి బయల్దేరేవారు ఏ సౌకర్యాన్ని ఎంతకు లెక్కించారో ఒప్పందంలో రాయించుకుని సంతకం చేయాలి.

ఇదే కొలత సత్యవేడు పిల్లలకూ కావాలి. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు సీటీసీ (ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) పేరుతో పెద్ద అంకె చెప్పి, అందులో బస్సు, క్యాంటీన్, యజమాని కట్టే పీఎఫ్ వాటా కలిపితే నెలాఖరున చేతికందేదెంతో వారికి ముందుగా తెలియదు. విదేశీ ఇంజినీరు ఒప్పందంలో ప్రతి సౌకర్యానికీ విలువ రాయగలిగిన కంపెనీకి, పక్క ఊరి అమ్మాయి నియామక పత్రంలో రాయడం కష్టం కాదు. నగదు ఎంత, సౌకర్యాల విలువ ఎంత అన్నది వేర్వేరుగా, తెలుగులో రాసివ్వాలని కార్మికశాఖ ఆదేశించాలి.