వెయ్యి డాలర్లు, ఒక ఊయల

2009లో అమెరికాలోని బోస్టన్‌లో పదిమంది ఒక పద్ధతి పెట్టుకున్నారు. నెలనెలా తలా వంద డాలర్లు వేసి, పోగైన వెయ్యీ తమకు నచ్చిన ఒక ఆలోచనకు ఇచ్చేయడం. తిరిగి కట్టక్కర్లేదు, వాటా అడగరు. తొలి గ్రాంటు ఒక పెద్ద వల ఊయలకు వెళ్లింది. నగరం మధ్య పార్కులో జనం ఎక్కి ఊగారు. ఆసమ్ ఫౌండేషన్ పేరుతో ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

మన దగ్గర బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళలకు గ్రాంటులిస్తోంది.

అలాంటి గ్రాంటు ఎవరికి అవసరమో తెలియాలంటే కథాపటాలు గీసే చేర్యాల నకాషీలను చూడండి. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమన్ను పట్టించి, ఆరబెట్టి, దానిమీద కథ గీస్తారు. ఒకప్పుడు కులపురాణాలు చెప్పే బృందాలే పటాలు గీయించుకునేవి. కథ చెప్పేవాళ్లు తగ్గాక గీయించేవాళ్లూ తగ్గారు. మాస్కులు, గోడబొమ్మలు అమ్ముకుని బతకొచ్చు. కానీ మూరలకొద్దీ సాగే పూర్తి కథాపటానికి నెలలు పడతాయి, ఆ నెలల్లో ఇల్లు గడవాలి. చిన్న గ్రాంటు నిజంగా అక్కరకొచ్చేది అక్కడే.

ఈ సంచిక అలాంటి చిన్న మొత్తాల గురించే. ఇవ్వదలచినవాళ్లకు మా విన్నపం: దరఖాస్తు తెలుగులో, ఒక్క పేజీలో రాసుకోనివ్వండి. డబ్బు పని పూర్తయ్యాక కాదు, గుడ్డా రంగులూ కొనకముందే చేతికివ్వండి.